రహదారిపై ఇంజను వేగము – గేర్ల లెక్క

మన కళాశాల బస్సు ఎక్కని విద్యార్థి ఉండడు. ఉదయము పాతబస్తీ సందులలో అది పలికే స్వరము వేరు, విజయవాడ రహదారిపై పలికే స్వరము వేరు. ఊరిలో గురగురలాడుతూ నడిచే ఆ ఇంజను, విశాలమైన బాట దొరకగానే ఎందుకు కేకలు వేస్తుంది? బాట నున్నగా ఉన్నప్పుడు యంత్రమునకు సుఖముగా ఉండవలెను గదా! ఈ ప్రశ్నకు సమాధానము తెలియకపోవుట వలన గత సంవత్సరము మన కళాశాలకు నష్టము కలిగినది. ఒక మనిషికి మాట పడినది. ఆ సమాధానమును భౌతిక శాస్త్ర విద్యార్థులమైన మేము ఆలస్యముగా నేర్చుకున్నాము. నేర్చుకున్నది తోటి విద్యార్థులకు, కమిటీ పెద్దలకు విన్నవించుటయే ఈ వ్యాసము ఉద్దేశము.

మొదట జరిగిన సంగతి. గత డిసెంబరు విజ్ఞాన యాత్రలో మేము ప్రకాశం బ్యారేజిని, ఇబ్రహీంపట్నంలోని థర్మల్ విద్యుత్ కేంద్రమును చూచుటకు బయలుదేరినాము. చౌటుప్పల్ దాటినప్పటి నుండి మా గోల ఒక్కటే. కార్లు, లారీలు కూడ మమ్ము దాటిపోతున్నవి. మన బస్సు మాత్రము అరవై దగ్గరే ఆగిపోయినది. “చాచా, ఇంకొంచెం తొక్కండి” అని మేము డ్రైవరు గారిని వేధించినాము. ఆయన వెనుకకు తిరుగకుండానే, “బండి మొత్తుకుంటున్నది బేటా, వినపడ్తలేదా? డెబ్బై దాటితే దీని ప్రాణం మీదికొస్తది” అన్నారు. మేము నవ్వినాము. వయసు మీదపడినందున భయపడుతున్నారని అనుకున్నాము.

సూర్యాపేట దాటిన తరువాత దీర్ఘమైన పల్లము వచ్చినది. చీకటి పడకముందే బ్యారేజి చూడవలెనని మేము బతిమాలగా, చివరకు ఆయన మా మాట మన్నించినారు. బస్సు వేగము పుంజుకున్నది. బస్సులోని వేగసూచిక చాలకాలముగా పనిచేయుట లేదు. కాబట్టి మాలో ఒకడు చేతి గడియారము పట్టుకొని కిలోమీటరు రాళ్ళను లెక్కించినాడు. రాయికి రాయికి మధ్య 40 సెకనులు! గంటకు 90 కిలోమీటర్లు! మేము చప్పట్లు కొట్టినాము. కొద్ది నిమిషములకే ఇంజనులో టకటకమని శబ్దము బయలుదేరినది. కోదాడకు ముందే బస్సు ఆగిపోయినది. మరమ్మత్తులో ఇంజను పైభాగమును విప్పి చూడగా కవాటములను నెట్టే కడ్డీలు వంగి ఉన్నవి. నిర్లక్ష్యముగా నడిపినారన్న కారణముతో ఖర్చులో కొంత భాగమును డ్రైవరు గారి జీతము నుండి నెలనెలా మినహాయించుచున్నారు. చప్పట్లు కొట్టిన మాకు ఏ కోతా లేదు.

ఇక యంత్రము సంగతికి వత్తము.

ఇంజను నుండి చక్రము వరకు

ఇంజను తిరుగుడు చక్రములకు నేరుగా చేరదు. దారిలో రెండు చోట్ల దాని వేగము మారుతుంది. మొదటిది గేరు పెట్టె. డ్రైవరు చేతి కర్రతో మార్చేది ఇదే. రెండవది వెనుక ఇరుసు నడుమ ఉండే గుండ్రని ఇనుప గుండిగ. గేరు పెట్టె నుండి వెనుకకు పోయే పొడవాటి కడ్డీని ప్రొపెల్లర్ షాఫ్టు అంటారు. దాని కొసన చిన్న పండ్ల చక్రము ఉంటుంది. దాని పేరు పినియన్. అది క్రౌన్ అనే పెద్ద పండ్ల చక్రమును త్రిప్పుతుంది. క్రౌన్ తిరిగితే ఇరుసు, దానితో చక్రములు తిరుగుతవి.

గేరు పెట్టెలోని నిష్పత్తి డ్రైవరు ఇష్టప్రకారము మారుతుంది. ఇరుసులోని నిష్పత్తి మారదు. బండి తయారైననాడు ఏది బిగించినారో, అదే చివరి వరకు. అందుచేత చాలమందికి అది ఉన్నదనియే తెలియదు. రహదారిపై ఇంజను ఎంత వేగముగా తిరుగవలెనో నిర్ణయించుటలో మాత్రము దాని పాత్ర చాల పెద్దది.

మా కొలతలు

సంక్రాంతి సెలవులలో బస్సు షెడ్డులో ఉన్నప్పుడు డ్రైవరు గారి అనుమతితో, ఆయన సమక్షముననే మేము రెండు కొలతలు తీసినాము. మొదటిది చక్రము చుట్టుకొలత. టైరుపై సుద్దముక్కతో గుర్తు పెట్టి, బస్సును మెల్లగా ఒక చుట్టు నడిపించి, నేలపై కొలిచినాము. 3 మీటర్ల 10 సెంటీమీటర్లు వచ్చినది.

రెండవది ఇరుసు నిష్పత్తి. దీనికి ఇరుసును విప్పనక్కరలేదు. ముందు చక్రములకు, నేలపై ఉండే వెనుక చక్రమునకు రెండు ప్రక్కల రాళ్ళు అడ్డుపెట్టి, చేతి బ్రేకు వదలి, గేరును న్యూట్రల్‌లో ఉంచినాము. వెనుక చక్రములలో ఒకదానిని మాత్రమే జాకీతో పైకెత్తి చేతితో త్రిప్పుచూ ప్రొపెల్లర్ షాఫ్టుపై పెట్టిన గుర్తు ఎన్నిసార్లు తిరిగినదో లెక్కించినాము. ఇక్కడ ఒక మెలిక ఉన్నది. ఇరుసు నడుమ డిఫరెన్షియల్ అనే అమరిక ఉంటుంది. మలుపులలో లోపలి చక్రము తక్కువగా, బయటి చక్రము ఎక్కువగా తిరుగుటకు అది వీలు కల్పిస్తుంది. క్రౌన్ తిరుగుడు ఎల్లప్పుడు ఆ రెండు చక్రముల తిరుగుడుకు సగటు. ఒక చక్రము నేలపై కదలకుండా ఉంటే, ఎత్తిన చక్రము రెండు చుట్లు తిరిగినప్పుడే క్రౌన్ ఒక్క చుట్టు తిరుగుతుంది. కాబట్టి చక్రమును రెండు చుట్లు త్రిప్పి షాఫ్టు చుట్లను లెక్కించవలెను. మా లెక్కలో షాఫ్టు ఏడవ చుట్టు పూర్తి చేయుటకు ఆరవ వంతు తక్కువగా ఆగినది. అనగా 6 చుట్లు, ఇంకొక చుట్టులో 5/6 భాగము.

ఈ సంగతి చెప్పగానే షెడ్డు మేస్త్రీ నవ్వి, “నలభై ఒకటి – ఆరు” అన్నారు. క్రౌనుకు 41 పండ్లు, పినియనుకు 6 పండ్లు. 41ని 6తో భాగిస్తే 6.83. మేము చెమటోడ్చి కనుగొన్నది ఆయనకు కంఠస్థము!

అసలు లెక్క

గంటకు 60 కిలోమీటర్ల వేగమనగా నిమిషానికి ఒక కిలోమీటరు, అనగా 1000 మీటర్లు. చుట్టుకు 3.1 మీటర్లు నడిచే చక్రము 1000 మీటర్లు నడచుటకు సుమారు 323 చుట్లు తిరుగవలెను. చక్రము ఒక చుట్టు తిరుగుటకు షాఫ్టు 6.83 చుట్లు తిరుగవలెను. రెంటిని గుణిస్తే సుమారు 2200. మన బస్సుకు ఐదు గేర్లు. అయిదవ గేరులో ఇంజను, షాఫ్టు ఒకే వేగముతో తిరుగుతవి. దీనిని సూటి గేరు అనవచ్చును. కాబట్టి అరవై వేగములో ఇంజను నిమిషానికి 2200 చుట్లు తిరుగుతున్నదన్నమాట.

సూత్రరూపముగా చెప్పవలెనంటే: నిమిషానికి బండి నడిచే మీటర్లను చక్రము చుట్టుకొలతతో భాగించి, వచ్చిన దానిని ఇరుసు నిష్పత్తితోను, గేరు నిష్పత్తితోను గుణించవలెను. ఇంతకు మించి ఇందులో రహస్యము లేదు.

మన బస్సు ఇంజనుపై ఉన్న పలకలో దాని గరిష్ఠ వేగము నిమిషానికి 2800 చుట్లని చెక్కబడి ఉన్నది. లెక్కను తిరగవేస్తే అది గంటకు 76 కిలోమీటర్లు. “డెబ్బై దాటితే ప్రాణం మీదికొస్తది” అన్న చాచా మాటను ఇక్కడ జ్ఞప్తికి తెచ్చుకొనవలెను. ఆయన వద్ద సుద్దముక్క లేదు, వేగసూచిక లేదు. చెవి మాత్రమే ఉన్నది. మా గణితము ఎంతో శ్రమపడి ఆయన చెవి ముందుకు వచ్చి నిలిచినది.

ఇక 90 వేగములో? 3300 చుట్లు. పలకపై ఉన్న హద్దు కంటె 500 ఎక్కువ.

ఇచ్చట ఒక సందేహము రావచ్చును. డీజిలు ఇంజనుకు గవర్నరు ఉంటుంది గదా, అది హద్దు దాటనీయదు గదా అని. గవర్నరు ఇంధనమును మాత్రమే తగ్గించగలదు. చదునైన బాటలో అది చాలును. పల్లములో పరిస్థితి తలక్రిందులవుతుంది. ఇంజను చక్రములను త్రిప్పదు. బస్సు బరువే చక్రములను త్రిప్పగా, ఆ చక్రములు గేర్ల ద్వారా ఇంజనును త్రిప్పుతవి. ఇంధనము పూర్తిగా నిలిచినను ఇంజను వేగము పెరుగుతూనే ఉంటుంది. హైదరాబాదు సముద్రమట్టమునకు 500 మీటర్లకు పైబడిన ఎత్తున ఉన్నది. విజయవాడ కృష్ణ ఒడ్డున పల్లములో ఉన్నది. ఆ ప్రయాణమంతయు మొత్తము మీద దిగుడే. హద్దు మీరిన వేగములో కవాటములను మూయవలసిన స్ప్రింగులు ఆ పనిని సకాలములో చేయలేవు. తెరిచి ఉన్న కవాటమునకు పైకి వచ్చే పిస్టను తగులుతుంది. కడ్డీలు వంగుతవి. మన బస్సుకు జరిగినది ఇదియే.

ఇదే లెక్క నుండి మరియొక హెచ్చరిక. మన నాల్గవ గేరు నిష్పత్తి ఒకటిన్నర. అయిదవ గేరులో 90 వేగమునకు ఇంజను ఎన్ని చుట్లు తిరుగునో, నాల్గవ గేరులో 60 వేగమునకే అన్ని చుట్లు తిరుగుతుంది. పల్లములో క్రింది గేరు వేయుట మంచిదే. కాని వేగమును బ్రేకుతో తగ్గించుకొనిన తరువాతనే వేయవలెను. డీజిలు మిగులుతుందని పల్లములో గేరు తీసివేసి న్యూట్రల్‌లో దిగుట అంతకంటె ప్రమాదము. అప్పుడు ఇంజను పట్టు పూర్తిగా పోయి, భారమంతయు బ్రేకులపై పడుతుంది. అవి కాగిపోయి పట్టు వదలుతవి.

అట్లయిన ఇరుసు ఎందుకు మార్చకూడదు?

ఈ ప్రశ్న మాకును తోచినది. అదే గుండిగలో 41 పండ్ల క్రౌను, 7 పండ్ల పినియను జత బిగించవచ్చునని మేస్త్రీ చెప్పినారు. నిష్పత్తి 5.86 అవుతుంది. అప్పుడు అరవై వేగములో ఇంజను 2200కు బదులు సుమారు 1890 చుట్లే తిరుగుతుంది. 2800 హద్దు 89 కిలోమీటర్ల వద్ద గాని రాదు. కిలోమీటరుకు 2200 చుట్ల లెక్కన విజయవాడ వరకు గల సుమారు 270 కిలోమీటర్లకు ఇప్పుడు ఇంజను దాదాపు 5 లక్షల 95 వేల చుట్లు తిరుగుచున్నది. మార్చినచో 5 లక్షల 10 వేలు చాలును. ఒక్క ప్రయాణములో 85 వేల చుట్లు ఆదా! వినుటకు ఎంతో ఆకర్షణీయముగా ఉన్నది.

అయితే ప్రకృతి ఏదియు ఉచితముగా ఇవ్వదు. ఆరు పండ్లకు బదులు ఏడు పండ్లు పెట్టినప్పుడు ఇంజను వేగములో ఏడవ వంతు తగ్గినది. చక్రము వద్ద లాగుడు బలము కూడ సరిగ్గా ఏడవ వంతు తగ్గుతుంది. గేరు అనేది తులాదండము వంటిదే. ఎక్కువ దూరము కదిలించి తక్కువ బలముతో బరువునెత్తుట, తక్కువ దూరము కదిలించి ఎక్కువ బలము ప్రయోగించుట – ఈ రెంటిలో ఒకటి కోరుకొనవచ్చును గాని, తక్కువ దూరము, తక్కువ బలము రెండును కోరరాదు.

మన బస్సు మొదటి గేరు నిష్పత్తి ఏడు. ఇరుసుతో గుణిస్తే, రాపిడి నష్టమును విడిచిపెట్టినచో, ఇంజను త్రిప్పుడు బలము చక్రము వద్దకు 48 రెట్లై చేరుతుంది. ఇరుసు మారిస్తే 41 రెట్లే. రోజూ విద్యార్థులతో క్రిక్కిరిసి, అడుగడుగునా ఆగుతూ, వంతెనల ఎత్తులు ఎక్కుతూ నడిచే బస్సుకు ఈ తేడా చిన్నది కాదు. ఆగిన ప్రతిసారి కదిలించుటకు క్లచ్‌ను ఎక్కువసేపు జార్చవలసి వస్తుంది. క్లచ్ పలక త్వరగా అరుగుతుంది. శ్రీశైలం వంటి ఘాట్ రోడ్డుపై ఈ లోటు మరింత స్పష్టమవుతుంది. ఎత్తులో ఇప్పుడు మూడవ గేరుతో ఎక్కేచోట అప్పుడు రెండవ గేరు వేయవలసి రావచ్చును. అనగా రహదారిపై మిగిల్చిన చుట్లను కొండపై తిరిగి చెల్లించవలెను.

డీజిలు కూడ ఏడవ వంతు మిగులుతుందని అనుకొనుట పొరపాటు. గాలిని చీల్చుటకు, టైర్ల రాపిడిని జయించుటకు కావలసిన పని అంతే ఉంటుంది. చుట్లు తగ్గితే ఒక్కొక్క చుట్టుకు ఎక్కువ ఇంధనము కావలెను. తగ్గేది ఇంజను లోపలి రాపిడి నష్టము మాత్రమే. దాని వలన కొంత మిగులుతుంది గాని, అసలైన ఆదా వేగములో ఉన్నది. గాలి నిరోధము వేగము వర్గమును బట్టి పెరుగుతుంది. 60 నుండి 90కి పోతే వేగము ఒకటిన్నర రెట్లు, గాలి నిరోధము రెండుంబావు రెట్లు. ఏ గేరును ఈ లెక్క నుండి తప్పించలేదు.

బాటలు మారినవి, బండ్లు మారినవి

మరి తయారీదారులు తెలియక 41–6 పెట్టినారా? కాదు. ఇరుసు నిష్పత్తిలో ఆ కాలపు బాట ప్రతిబింబిస్తుంది. రెండు బండ్లు తప్పుకొనుటకే ఇరుకైన బాట, ఎద్దుబండ్లు, గుంతలు ఉన్నచోట గంటకు యాభై కిలోమీటర్లే గొప్ప. అచ్చట కావలసినది వేగము కాదు, బరువు లాగుట.

మనదేశములో అందరెరిగిన అంబాసిడరు కారు కథయు ఇంచుమించు ఇట్టిదే. 1950 దశకము చివర వచ్చి 2014లో ఉత్పత్తి నిలిచిన ఆ కారుకు దీర్ఘకాలము నాలుగు గేర్లే. నాల్గవది సూటి గేరు. 1990 దశకములో జపాను వారి ఇసుజు నమూనా 1800 సీసీ ఇంజనుతో పాటు దానికి అయిదవ గేరు వచ్చినది. ఇట్టి కార్లలో అయిదవ గేరు సాధారణముగా ఓవర్‌డ్రైవ్. అనగా ఇంజను ఒక చుట్టు తిరుగక ముందే షాఫ్టు ఒక చుట్టు పూర్తి చేస్తుంది. సైకిలు తొక్కేవారికి ఇది క్రొత్త కాదు. పెడలు ఒక్క చుట్టు తిరిగితే వెనుక చక్రము రెండు చుట్లకు పైగా తిరుగుతుంది గదా!

ఓవర్‌డ్రైవ్‌లోని సౌకర్యమేమనగా, అది ఇరుసును ముట్టుకొనదు. క్రింది గేర్ల బలము కొండకు, ఊరికి అట్లే ఉంటుంది; పై గేరు మాత్రము రహదారికి అదనముగా వస్తుంది. మన బస్సుకే 0.8 నిష్పత్తిగల ఆరవ గేరు ఉన్నదనుకొందము. అప్పుడు గంటకు 75 వేగములోను ఇంజను 2200 చుట్లే తిరుగుతుంది. ఇప్పుడు 60 వేగములో తిరుగుచున్నంతే. రెండు అవసరములను ఒకే బండి తీర్చవలెనన్నప్పుడు ఇదియే సరియైన మార్గము. అయితే గేరు పెట్టె మొత్తము మార్చుట పాత బస్సుకు తగిన ఖర్చు కాదు.

మా విన్నపము

పై లెక్కలన్నిటి సారాంశము ఇది. మన బస్సు ఇంజనులో లోపము లేదు, ఇరుసులో లోపము లేదు. అది ఊరి కొరకు, ఎత్తుల కొరకు తయారైన బండి. సంవత్సరములో రెండు వందల దినములు చేయు పనికి అది సరిగ్గా సరిపోయినది. రెండు దినముల యాత్ర కొరకు దాని ఇరుసు మార్చనక్కరలేదు. రహదారిపై దానిని 60 వద్ద ఉంచితే చాలును. 270 కిలోమీటర్లకు 60 వేగముతో నాలుగున్నర గంటలు. 75 వేగముతో మూడు గంటల ముప్పది ఆరు నిమిషములు. ఆ 54 నిమిషముల కొరకు తెల్లవారుజామున ఒక గంట ముందు బయలుదేరుట మన చేతిలోని పని.

కమిటీ పెద్దలకు మూడు మనవులు. మొదటిది, వేగసూచికను బాగుచేయించవలెను. హద్దు చూపే సాధనము లేని బండిలో హద్దు దాటినందుకు ఎవరినైనను తప్పుపట్టుట న్యాయము కాదు. రెండవది, ఇక ముందు బండి కొనునప్పుడు సీట్ల సంఖ్య, ధరలతోపాటు ఇరుసు నిష్పత్తిని, పై గేరు నిష్పత్తిని కూడ అడిగి వ్రాసుకొనవలెను. ఊరిలో మాత్రమే నడిచే బండికి ఒకటి, దూరప్రయాణములు చేయు బండికి మరియొకటి తగును.

మూడవది ముఖ్యమైనది. ఆనాడు బండి హద్దును ఎరిగినవారు ఆ బస్సులో ఒక్కరే ఉన్నారు. ఆయన చెప్పినారు, మేము వినలేదు. పల్లములో ఆయన మా మాట మన్నించుట పొరపాటే కావచ్చును. అయితే ఆ పొరపాటును చేయించినది మేము. రాళ్ళ మధ్య 40 సెకనులని లెక్కించి చప్పట్లు కొట్టిన మాకు, మరి కొంచెము లెక్కించి 3300 అని తెలుసుకొనుటకు కావలసిన చదువు ఉన్నది. చేయవలెనన్న బుద్ధి మాత్రము లేకపోయినది. కాబట్టి డ్రైవరు గారి జీతములో కోతను నిలిపివేసి, ఇంతవరకు మినహాయించిన సొమ్మును తిరిగి ఇప్పించవలెనని కోరుచున్నాము. ఆ మేరకు కళాశాలకు కలిగే లోటులో మా వంతుగా, యాత్రకు వెళ్ళిన విద్యార్థులమందరము తలా కొంత చెల్లించుటకు నిర్ణయించుకున్నాము.

డ్రైవరు సీటు ఎదుట మేము ఒక చిన్న పలకను వ్రాసి అతికించినాము. దానిపై నాలుగు పంక్తులే ఉన్నవి: 40కి 1470, 60కి 2200, 75కి 2750, 90కి 3300; చివరిదాని చుట్టు ఎర్రని గీత. దానిని చూచి చాచా, “ఇది నా కోసం కాదు బేటా, వెనక కూర్చునేటోళ్ళకు కనపడేటట్టు పెట్టండి” అన్నారు. పలక ఇప్పుడు విద్యార్థుల వైపు తిరిగి ఉన్నది.